చెట్టు నాటేది ఎవరు, ఫలసాయం అందేది ఎవరికి?

(ఉదయగిరిలో మెట్ట రైతులు, పొదుపు సంఘాల మహిళలు, కళాశాల విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని అక్షరరూపంలో పెట్టాము.)

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, విద్యార్థులకు నమస్కారం.

పొలంలో చెట్లు పెంచండి అని ఒక మాట, ఊరికి అతిథులను రప్పించండి అని ఇంకొక మాట, ఈ రెండూ ఈమధ్య ప్రతి సభలోనూ వినిపిస్తున్నాయి. మొదటిదాన్ని వన వ్యవసాయం అంటున్నారు, రెండోదాన్ని వ్యవసాయ పర్యాటకం అంటున్నారు. రెండూ మంచివే, రెండూ ఈ మెట్టకు కావలసినవే. అయితే నేను ఈరోజు అడగదలచుకున్న ప్రశ్న వేరు. మన ఊళ్ళలో సెంటు భూమి లేని కుటుంబం ఉంది, ఎవరిదో భూమి కౌలుకు చేసుకునే కుటుంబం ఉంది, జీవాలు మేపుకుని బతికే కుటుంబం ఉంది, చెరువులో చేపలు పట్టుకుని, పొలాల్లో ఎలుకలు పట్టి, దొరికిన రోజున కూలికి పోయే యానాది కుటుంబం ఉంది. చెట్టు పెరిగితే వీళ్ళ చేతికి ఏమి అందుతుంది? అతిథి వస్తే వీళ్ళ చేతికి ఏమి అందుతుంది? ఎవరూ అడగకపోతే ఏమీ అందదు. ముందే అడిగి, ముందే కాగితం మీద రాసుకుంటే అందుతుంది. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతి గురించే.

ముందు మన నేల సంగతి చూద్దాం. నెల్లూరు అనగానే బయటివారికి పెన్న కింద వరి మాగాణి కనిపిస్తుంది. సోమశిల నీళ్ళు, సంగం, నెల్లూరు ఆనకట్టలు, కాలువలు కనిపిస్తాయి. మనం ఉన్నది ఆ నెల్లూరులో కాదు. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు. కాస్త ఉత్తరానికి పోతే పామూరు, చంద్రశేఖరపురం, కనిగిరి, పొదిలి. ఇదంతా వెలిగొండ కొండలకు తూర్పు వార ఆకాశం వైపు చూస్తూ బతికే నేల. మనకు వాన ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో. అది కూడా తుఫాను పట్టిందంటే నాలుగు రోజుల్లో కురిసిపోతుంది, పట్టలేదంటే ఆ ఏడు కంది, సజ్జ, శనగ, పొగాకు ఏదైనా సరే దిగుబడి ఆశ వదులుకోవలసిందే. ఏకపంట మీద, ఒకే కాలపు వాన మీద ఆధారపడిన కుటుంబం ఆ ఏడు ఏమి చేస్తుంది? తలుపులకు తాళం వేసి బెంగళూరుకో హైదరాబాదుకో చెన్నైకో పోతుంది. ఇక్కడ కూర్చున్నవారిలో ఆ తాళం వేయని వీధి ఉన్న ఊరు ఎవరిదైనా ఉందా?

ఇంకొక సంగతి మరిచిపోకూడదు. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయే జబ్బును మొదట గుర్తించి 1937లో వైద్య పత్రికలో ప్రకటించినది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. తరువాత ప్రకాశం జిల్లాలోకి పోయిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరులో ఉండేవి. వైద్యులకంటే ముందు పసిగట్టింది రైతులు. దుక్కిటెద్దులు నడవలేక కుంటుతున్నాయని చూసింది వాళ్ళే. నేల లోతుకు బోరు వేసి తోటలు పెంచుదాం అనే ఆలోచన మన దగ్గర ఎందుకు పనికిరాదో ఈ చరిత్రే చెబుతుంది. లోతుకు పోయేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, పైకి వచ్చే నీరు చాలా చోట్ల తాగడానికి పనికిరాదు. కాబట్టి మన చెట్టు వాన నీటితో, గట్టు తడితో, మొదటి రెండు మూడు ఎండాకాలాల్లో కుండతో పోసిన నీటితో బతికే చెట్టు కావాలి.

ఇప్పుడు వన వ్యవసాయం. దీన్ని మన వాళ్ళు చాలామంది అర్థం చేసుకున్న తీరు నాకు బాధ కలిగిస్తుంది. పొలమంతా జామాయిల్ పెట్టేసి, లేదా సుబాబుల్ పెట్టేసి, నాలుగేళ్ళకు కాగితపు మిల్లుకు కొట్టించి అమ్మడం వన వ్యవసాయం కాదు. అది కలప తోట. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. నీళ్ళు లేక, కూలీలు దొరక్క, పిల్లలు ఊరు వదిలిపోయాక ఆ రైతుకు వేరే దారి కనిపించక పెట్టాడు. సుబాబుల్ వేరు నేలకు నత్రజని ఇస్తుంది, కొట్టిన మోడు మళ్ళీ చిగురిస్తుంది, ఆకు మేకలకు మేత అవుతుంది. తీరాన ఇసుక నేలల్లో సరుగుడు కూడా నత్రజని ఇచ్చే చెట్టే. ఇవన్నీ నిజమే. కానీ వేరుశనగ వేసిన ఎకరంలో విత్తడం, కలుపు తీయడం, కాయ పీకడం, కాయ కోయడం, ఎండబెట్టడం, ఇన్ని పనులకు ఆడవాళ్ళు కూలికి పోతారు. అదే ఎకరంలో జామాయిల్ పెడితే నాటిన రోజు పని, కొట్టిన రోజు పని. మధ్యలో నాలుగేళ్ళు ఆ ఎకరం ఎవరికీ కూలి పెట్టదు. భూమి ఉన్న రైతుకు ఆదాయం ఆలస్యమవుతుంది, అంతే. భూమి లేని కుటుంబానికి ఆ ఎకరం పూర్తిగా మూసుకుపోతుంది. చెట్టు పచ్చగా ఉంది కాబట్టి అంతా మంచిదే అనుకోవడానికి వీలు లేదు. పైగా కొనేవాళ్ళు ఒకరిద్దరే అయిన చోట ధర పడిపోతే, డబ్బు నెలల తరబడి రాకపోతే, రైతు ఏమి చేయగలిగాడో మీరంతా చూసినవారే.

వన వ్యవసాయం అంటే పంటా చెట్టూ జీవాలూ ఒకే నేల మీద ఒకదానికి ఒకటి అక్కరకు వచ్చేలా ఉండడం. మన తాతలు చేసినదే. పొలం గట్టున చింత, వేప, కానుగ, దొడ్లో మునగ, బీట్లో తాటి, ఈత, మధ్యలో సజ్జా కందీ. 2014లో మన దేశం వన వ్యవసాయానికి ప్రత్యేకంగా జాతీయ విధానం ప్రకటించింది. ప్రపంచంలో అలా ప్రకటించిన మొదటి దేశం మనదే. విధానం ఉంది, సంతోషమే. మన గట్టు మీదికి అది ఎలా దిగాలి?

చిన్న లెక్క చెబుతాను, రాసుకునేవారు రాసుకోండి. ఒక ఎకరం చదరంగా ఉందనుకుంటే దాని గట్టు చుట్టుకొలత దాదాపు 250 మీటర్లు. 5 మీటర్లకు ఒక మొక్క పెట్టినా 50 మొక్కలు పడతాయి. పంట నేల ఒక్క గజం కూడా పోదు. ఆ 50 ఒకే రకం పెట్టకండి. మునగ ఏడాది తిరగకముందే కాయ ఇస్తుంది. సీతాఫలం మూడు నాలుగేళ్ళకు వస్తుంది, మేకా గొర్రే దాని ఆకు ముట్టవు, రాతి నేలలో కూడా బతుకుతుంది. ఉసిరి, నేరేడు ఆ తరువాత అందుకుంటాయి. అంటుకట్టిన చింత ముందే కాస్తుంది గాని, గింజ నాటిన చింత ఎనిమిది పదేళ్ళు తీసుకుని, ఆ తరువాత మనవళ్ళ కాలం దాకా కాస్తుంది. మధ్యలో ఖాళీల్లో గ్లైరిసిడియా కొమ్మలు గుచ్చితే ఏటా రెండు సార్లు ఆకు కొట్టి నేలకు వేసుకోవచ్చు, యూరియా ఖర్చు కొంత తగ్గుతుంది. పొలం మధ్యలో వరుసలు పెట్టదలచినవారు తూర్పు పడమరలుగా వరుసలు తీయండి, పంట మీద నీడ తక్కువ పడుతుంది. చెట్టు వేరు పంట తేమ లాక్కుంటోందని అనిపిస్తే వరుస పక్కన నాగలితో లోతుగా చాలు తీసి పక్క వేళ్ళు కోయండి. వన వ్యవసాయంలో చెట్టును అదుపులో పెట్టుకోవడమే సగం పని. నాటి వదిలేసేవారికి ఇది అచ్చిరాదు.

పొగాకు రైతులు ఇక్కడ చాలామందే ఉన్నారు. బ్యారన్‌లో ఆకు కాల్చడానికి కట్టె కావాలి. ఆ కట్టె ఎక్కడి నుంచి వస్తోంది? కొంత తోటల నుంచి, కొంత బీళ్ళలోని చిల్లచెట్ల (సర్కారు తుమ్మ) నుంచి, కొంత, నిజం చెప్పుకోవాలి, కొండల నుంచి. తన బ్యారన్‌కు కావలసిన కట్టె తన గట్టు మీదే పెంచుకోగలిగిన రైతు కొండను కాపాడినవాడవుతాడు. పొగాకు నుంచి మెల్లగా బయటికి రావాలని నా కోరిక, కానీ బయటికి వచ్చేవరకు అయినా కట్టె లెక్క చూసుకోవాలి.

చింతచెట్టు గురించి ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు తినిపించి చూస్తే వాళ్ళ మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. ఇది ఫ్లోరోసిస్‌కు మందు అని నేను చెప్పడం లేదు. మంచి నీరు ఇవ్వవలసిన బాధ్యత నుంచి ప్రభుత్వాన్ని చింతపండు తప్పించదు. కానీ ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో గట్టు మీద నాటడానికి ఏ చెట్టు అని ఎవరైనా అడిగితే, నా మొదటి జవాబు ఇదే.

ఇక జీవాల సంగతి. నెల్లూరు గొర్రె దేశంలోకెల్లా పొడవైన గొర్రె జాతి. పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు మన కాపరులకు బాగా తెలుసు. మొక్కలు నాటడానికి ఎక్కడ స్థలం ఉంది అని అధికారి అడగగానే మనం చూపించేది ఊరి బీడు, పోరంబోకు. ఆ బీడు ఖాళీగా ఉందా? లేదు. అది కాపరి పొలం. అక్కడ కంచె వేసి మొక్క నాటితే మంద ఎక్కడికి పోవాలి? మొక్క తిన్నందుకు కాపరిని తిట్టేముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి. బీటిలో చెట్లు పెంచాలంటే ముందు కాపరులను కూర్చోబెట్టి, ఏ ముక్క ఎన్నాళ్ళు మూస్తాము, ఏ ముక్క తెరిచి ఉంచుతాము అని మాట్లాడుకోవాలి. మూసిన ముక్కలో తుమ్మ, అవిశె లాంటి మేత చెట్లు పెట్టాలి. మూడేళ్ళ తరువాత తుమ్మకాయలు, కొమ్మ మేత ఆ మందకే దక్కాలి. మన పొలాల్లో రాత్రిపూట మంద కట్టించుకుని కాపరికి డబ్బో గింజలో ఇచ్చే పద్ధతి ఉంది చూడండి, అది పోకుండా కాపాడుకోవలసిన ఏర్పాటు. చెట్టుకూ నేలకూ జీవానికీ ముగ్గురికీ అందులో మేలు ఉంది.

కౌలు రైతుకు కాగితం ఎన్నాళ్ళు?

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. పంట ఆరు నెలలది, చెట్టు ముప్పై ఏళ్ళది. మన రాష్ట్రంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు ఇచ్చే ఒప్పందం 11 నెలలకు. అప్పు కోసం, పంట బీమా కోసం, నష్టపరిహారం కోసం ఆ ఒప్పందం మీద ఇచ్చే కార్డు అవసరమే. కానీ 11 నెలల కాగితం చేతిలో ఉన్న మనిషి చింతమొక్క నాటుతాడా? నాటితే భూయజమాని ఊరుకుంటాడా? చెట్టు నాటావు కాబట్టి భూమి నీదంటావేమో అని భయపడతాడు. ఇద్దరి భయమూ అర్థమయ్యేదే. అందుకే నేను చెప్పేది ఏమిటంటే, భూమి హక్కును కదిలించకుండా ఫలసాయం హక్కును వేరుగా రాసుకోవాలి. భూమి నీది, మొక్క నేను నాటి మూడేళ్ళు నీళ్ళు పోసి బతికిస్తాను, కాపుకు వచ్చాక ఇన్నేళ్ళు ఫలసాయంలో ఇంత భాగం నాది, నేను కౌలు వదిలినా ఆ భాగం నాకు గాని నా భార్యకు గాని అందుతుంది, భూమి మీద నాకు ఏ హక్కూ లేదు. ఇంత సూటిగా రాసుకుంటే యజమానికీ ధైర్యం, కౌలు రైతుకూ ధైర్యం. ఆ ఒప్పందంలో ఆడవాళ్ళ పేరు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే మొక్కకు కుండతో నీళ్ళు పోసేది ఎక్కువగా వాళ్ళే.

కొండ వార డీకేటీ పట్టాలు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి పట్టాలు, ఉన్న దళిత కుటుంబాల పరిస్థితి ఇంకొక రకం. భూమి కాగితం ఉంది, దున్నడానికి ఎడ్లు లేవు, పెట్టుబడి లేదు. ఎవరో వచ్చి ఏటా కొద్దిపాటి డబ్బు ఇచ్చి జామాయిల్ పెట్టుకుంటారు, పదేళ్ళకు ఆ భూమి ఎవరిదో ఊరే మరిచిపోతుంది. ఉపాధి హామీ పనుల కింద చిన్న రైతుల పొలాల్లో గుంతలకు, మొక్కలకు, మూడేళ్ళ సంరక్షణకు డబ్బు ఇచ్చిన అనుభవం మన రాష్ట్రానికి ఉంది. ఆ సాయానికి మొదటి అర్హులు ఈ పట్టాదారులే. ఏ పథకం పేరుతో వచ్చినా జాబితాలో ముందు వీళ్ళ పేర్లు ఉన్నాయా అని చూడవలసింది మనమే.

భూమే లేని యానాది కుటుంబం మాట ఏమిటి? నెల్లూరు జిల్లాలో పుట్టిన వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితమంతా యానాదుల కోసం పనిచేశారు, 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆయన పనిచేసిన కాలం నుంచి ఈనాటికి చాలా మారింది గాని, చిల్లచెట్లు కొట్టి బొగ్గు కాల్చే పనికి, చేపల చెరువు కాపలాకు ముందే అప్పు తీసుకుని, ఆ అప్పు తీరక పిల్లలతో సహా అక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. వెట్టి నిర్మూలన చట్టం 1976 నుంచీ ఉంది. చట్టం మనిషిని విడిపించగలదు. విడిపించాక రేపు ఏమి తినాలి అనే ప్రశ్నకు ఊరు జవాబు చెప్పాలి. ఊరి దగ్గర ఆ జవాబు ఉంది. చెరువు కట్ట మీద, రోడ్డు పక్కన, పంచాయతీ చింతచెట్లు ఉన్నాయి. ఏటా వేలం వేస్తారు, బయటి వ్యాపారి పాడుకుంటాడు, చెట్టెక్కి దులిపేది ఈ యానాది మనిషే, కూలి తీసుకుని ఇంటికి పోతాడు. వేలం మొత్తాన్ని మించి లాభం ఎక్కడ ఉంది? పండు కొట్టి, గింజ తీసి, ఈనె తీసి శుభ్రం చేయడంలో ఉంది. ఆ పని చేయగలిగేది ఆడవాళ్ళ సంఘం. చెట్టెక్కేవాడికే చెట్టు ఫలసాయం ఎందుకు ఇవ్వకూడదు?

అతిథి ఎందుకు రావాలి, ఎవరింటికి రావాలి

వ్యవసాయ పర్యాటకానికి వద్దాం. ఇది కొత్త సరుకు కాదు. ఇటలీ దేశం 1985లోనే దీనికి చట్టం చేసింది. ఆ చట్టంలో నాకు నచ్చిన నియమం ఒకటే: అతిథులకు బస, భోజనం ఇచ్చేది సేద్యం చేసే కుటుంబమే కావాలి, సేద్యమే ప్రధానంగా ఉండాలి, ఆతిథ్యం దానికి తోడుగా ఉండాలి. మన దేశంలో మహారాష్ట్ర 2020లో వ్యవసాయ పర్యాటక విధానం తెచ్చింది. సేద్యం ముందు, ఆతిథ్యం తరువాత అనే ఈ క్రమం తలకిందులైతే ఏమవుతుందో మన కళ్ళముందే ఉంది. ఎర్రచందనం, శ్రీగంధం మొక్కలు నాటి, ఫామ్ ప్లాట్లు అని సెంట్ల లెక్కన నగరాలవారికి అమ్ముతున్నారు. కొన్నవారు ఏడాదికి ఒకసారి వచ్చి చూసిపోతారు. ఎర్రచందనం చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది, కొట్టడానికీ తరలించడానికీ అటవీ శాఖ అనుమతులు కావాలి, ఈ సంగతి కొనేవారికి ఎంతవరకు చెబుతున్నారో. ఆ భూమిని నిన్నటిదాకా దున్నినవాడు ఇప్పుడు అక్కడ గేటు దగ్గర కాపలా ఉన్నాడు. దీన్ని వ్యవసాయ పర్యాటకం అనడానికి నేను ఒప్పుకోను.

మన దగ్గర చూపించడానికి ఏముంది అని పిల్లలు అడుగుతారు. ఈ దుర్గం ఉంది. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలుచుకున్న కోట ఇది. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. చంద్రశేఖరపురం మండలంలో భైరవకోన ఉంది, కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కన జలపాతం. ఇంకా పైకి పోతే గుండ్లకమ్మ మీద కంభం చెరువు ఉంది, విజయనగర రాజుల కాలంనాటిది, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. భక్తులు, యాత్రికులు ఎలాగూ వస్తున్నారు. వచ్చినవారు ఒక పూట దర్శనం చేసుకుని, ప్లాస్టిక్ సీసా పారేసి, రాత్రికి నెల్లూరుకో ఒంగోలుకో పోతున్నారు. వాళ్ళను ఒక రాత్రి ఆపగలిగితే చాలు.

ఆపడానికి మనకు ఉన్న గొప్ప వస్తువు ఏమిటో తెలుసా? ఉదయగిరి చెక్క చెంచా. దానికి భౌగోళిక గుర్తింపు ఉంది. నర్ది, బిక్కి, కలివి లాంటి కర్రలతో ఎక్కువగా ఆడవాళ్ళు కూర్చుని చెక్కే చెంచాలు, గరిటెలు, దువ్వెనలు దేశమంతా ప్రదర్శనలకు పోతున్నాయి. ఆ కర్ర ఎక్కడిది? ఈ కొండది. కొండ మీద ఆ చెట్లు తగ్గుతూ పోతే, ఒకనాటికి గుర్తింపు పత్రం గోడ మీద ఉంటుంది గాని చెక్కడానికి కర్ర ఉండదు. నేను ఇక్కడ ఉన్న రైతులను, ఉపాధ్యాయులను అడుగుతున్నాను, ఆ చెట్ల గింజలు సేకరించి, నర్సరీలో నారు పోసి, గట్టు మీద నాటిన రైతు ఎవరైనా ఉన్నారా? జామాయిల్ క్లోన్ మొక్కలు లక్షల్లో దొరుకుతాయి, మన చెంచా చెట్టు మొక్క ఒక్కటి కూడా నర్సరీలో అడిగితే దొరకదు. వన వ్యవసాయమూ, చేతిపనీ, పర్యాటకమూ ఒకే చోట కలిసే అవకాశం ఇంత స్పష్టంగా ఉన్న ఊరు నాకు ఇంకొకటి తెలియదు. రైతు గట్టున కర్ర పెంచుతాడు, కొండ తెరిపిన పడుతుంది, చెక్కేవారికి చట్టబద్ధంగా కర్ర దొరుకుతుంది, అతిథి ఆ వీధిలో కూర్చుని ఒక పూట చెక్కడం నేర్చుకుంటాడు, అందుకు రుసుము ఇస్తాడు. నేర్పిన అమ్మకు చెంచా ధరతో పాటు గురువుగా గౌరవం దక్కుతుంది. కళాశాల పిల్లలు ఈ ఏడాది ఒక్క పని పెట్టుకోండి: ఆ చెట్లు ఎక్కడెక్కడ మిగిలి ఉన్నాయి, ఏ నెలలో గింజ వస్తుంది, చెక్కేవారిని, కాపరులను అడిగి రాసి పెట్టండి. పుస్తకాల్లో దొరకని జ్ఞానం అది.

అడవిలోపలి వారి సంగతి కూడా చెప్పుకోవాలి. పెద్దదోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీ శాఖ జీపుల్లో నల్లమల చూపిస్తుంది, చెంచు యువకులకు అక్కడ పని దొరికింది. తేనె, తపసి బంక తెచ్చి గిరిజన సహకార సంస్థకు అమ్మే కుటుంబానికి నెల జీతం అదనంగా రావడం మంచిదే. కానీ చెంచుగూడెంలోకి కెమెరాతో పోయి, ఇంటి ముందు కూర్చున్న ముసలమ్మను అడగకుండా ఫోటో తీయడం పర్యాటకం కాదు. యానాది ఇంటికైనా, చెంచు ఇంటికైనా అంతే. వాళ్ళు పిలిస్తేనే పోవాలి, వాళ్ళు చూపించినదే చూడాలి. వలతో చేప పట్టడం, మందు మొక్క గుర్తుపట్టడం వాళ్ళు నేర్పితే నేర్చుకోవాలి, దానికి వాళ్ళు చెప్పిన రుసుము ఇవ్వాలి. పాత నెల్లూరు జిల్లాలోని నేలపట్టును చూడండి. గూడబాతులు వచ్చి పిల్లలు పెట్టే చెరువు. 1976లో పక్షి రక్షిత కేంద్రం అయింది గాని, అంతకు ముందు నుంచీ ఊరివారే ఆ పక్షులను కాచుకున్నారు, రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలం అని వాళ్ళ నమ్మకం. కాపాడే మనిషికి కాపాడినందువల్ల లాభం కనిపించాలి. అది లేని చోట ఏ బోర్డు పెట్టినా నిలవదు.

పర్యాటకానికి కావలసిన ఏర్పాట్లు ఎక్కువ చెప్పను. మే నెలలో ఇక్కడికి ఎవరూ రారు, రమ్మనకూడదు కూడా. మన కాలం అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. సీతాఫలం, ఉసిరి, రేగు, కంది పచ్చికాయలు, చివర్లో చింతకాయ, అన్నీ అప్పుడే. శుభ్రమైన మరుగుదొడ్డి, ఫ్లోరైడ్ లేని తాగునీరు, గడియ ఉన్న గది, సజ్జ సంగటి, చింతచిగురు దొరికిన రోజున పప్పు. ఇంతకు మించి హంగు అక్కరలేదు. నీటి విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. అతిథి కోసం శుద్ధి చేసిన నీరు తెప్పించి, అదే ఇంట్లో పిల్లలు బోరు నీరు తాగే పరిస్థితి ఉండకూడదు. అతిథి వచ్చే ఇంటికి వచ్చిన మంచినీరు ఆ వీధి అందరికీ రావాలి, లేకపోతే అతిథిని పిలవకండి.

డబ్బు ఎలా పంచుకోవాలి? ఇక్కడ మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. కలిగిరి మండలంలోని దూబగుంట మనకు ఎంత దూరం? 1990ల మొదట్లో ఆ ఊరి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు, వాళ్ళలో ముందు నిలిచిన రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా వినిపించింది, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సారాకు పోకుండా మిగిలిన డబ్బుతోనే రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు ఉద్యమం ఈ జిల్లాలో పుట్టింది. అప్పు ఇచ్చి, వాయిదా వసూలు చేసి, పుస్తకం రాసుకునే సంఘాలు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. అతిథుల బుకింగు, వంతులు, లెక్క ఆ సంఘం చేతిలో పెట్టండి. నాలుగు గదులు ఉన్న పెద్ద ఇంటికే అతిథులందరూ పోకుండా వంతు పద్ధతి పెట్టండి. గది లేని కుటుంబానికి వంట, దారి చూపడం, పండ్లు అమ్మడం, చెక్క పని నేర్పడం, వీటిలో వంతు ఉండాలి. ప్రతి అతిథి ఇచ్చిన దానిలో కొంత భాగం చెరువు కట్ట చెట్లకు నీళ్ళు పోసేవారి జీతంగా పక్కన పెట్టాలి. ఎంత అన్నది మీ సంఘం నిర్ణయించుకోవాలి, కానీ అతిథి రాకముందే నిర్ణయించుకోవాలి. డబ్బు వచ్చాక పంపకం మాట్లాడుకుంటే గొంతు పెద్దదైనవారిదే పైచేయి అవుతుంది.

ఇక ఒక్క పని చెప్పి ముగిస్తాను, తరువాత మీ ప్రశ్నలు తీసుకుంటాను. చింతకాయ దులిపేది మాఘ ఫాల్గుణాల్లో, పంచాయతీ వేలం దానికి ముందే జరుగుతుంది. కాబట్టి జనవరి 26న జరిగే గ్రామసభలో ఒక అర్జీ పెట్టండి. చెరువు కట్ట, రోడ్డు పక్క చింతచెట్ల ఫలసాయాన్ని ఈ ఏడాది బహిరంగ వేలానికి పెట్టకుండా, ఊళ్ళోని యానాది కుటుంబాలు, భూమి లేని మహిళల ఉమ్మడి సంఘానికి ఇవ్వాలని, పోయిన ఏడాది వేలం మొత్తానికి తగ్గకుండా పంచాయతీకి కాపు అమ్మిన తరువాత చెల్లిస్తామని, ఎండిన ప్రతి చెట్టుకు బదులు రెండు మొక్కలు నాటి మూడేళ్ళు బతికిస్తామని, ఆ మొక్కల ఫలసాయం కూడా నాటినవారికే రాయాలని అందులో ఉండాలి. పంచాయతీకి నష్టం లేదు, కాబట్టి సర్పంచి కాదనడానికి కారణం వెతుక్కోవలసి వస్తుంది. కాదంటే ఎందుకు కాదో తీర్మాన పుస్తకంలో రాయమని అడగండి. అర్జీ నమూనా ఇక్కడ బల్ల మీద ఉంది, మీ ఊరి పేరు, చెట్ల సంఖ్య, కుటుంబాల పేర్లు రాసుకోవడానికి ఖాళీలు ఉన్నాయి. పోయేటప్పుడు ఊరికి రెండు ప్రతులు చొప్పున తీసుకోండి, ఒకటి పంచాయతీకి, ఒకటి ముద్ర వేయించుకుని మీ సంఘం దగ్గర ఉంచుకోవడానికి.